కందెనవోలు బండి



కర్నూలు అను మూడక్షరముల వెనుక ఒక బండిచక్రము తిరుగుచున్నదని చెప్పినచో మీలో కొందరికి వింతగా తోచవచ్చును. తుంగభద్ర కావలియొడ్డున అలంపురమున దేవాలయములు కట్టుచున్న కాలమున రాళ్ళు తోలెడి ఒడ్డెవాండ్రు ఏరు దాటుటకు ముందు ఈవలి గట్టున బండ్లు నిలిపి, ఇక్కడి నూనెవర్తకులయొద్ద కందెన కొని ఇరుసులకు రాచుకొనెడివారట. కందెన దొరకు ఊరు గనుక కందెనవోలైనది. అది కందనవోలై, కడకు కర్నూలైనదని పెద్దలు చెప్పుదురు. ఈ కథ పదునొకండవ శతాబ్దము నాటిదని వాడుక. అలంపురపు నవబ్రహ్మాలయములు అంతకు మూడు నాలుగు వందల ఏండ్లకు పూర్వమే బాదామి చాళుక్యుల నాటివి గనుక కథకును కాలమునకును పొత్తు సరిగా కుదరదు. అయినను నేనీ కథను త్రోసివేయజాలను. కందెన లేని బండి ఇసుకయేటిని దాటజాలదని ఎరిగినవారే ఇట్టి కథ చెప్పగలరు. ఊళ్ళకు దేవతల పేళ్ళు, రాజుల పేళ్ళు పెట్టుకొన్న దేశమున ఒక పట్టణము ఇరుసుకు రాచెడి నల్లని జిడ్డు పేరు మోయుచున్నదనుట నాకు ఎంతయు ఇష్టమైన మాట.

నేడు నేను చెప్పదలచినది కర్నూలు నవాబుల చరిత్రము గాదు, కడప పాలెగాండ్ర పౌరుషమును గాదు. ఇల్లు విడిచి దారినే ఇల్లు చేసికొని బ్రదికినవారు ఆ కదలెడి ఇంటిని ఎట్లు కాపాడుకొనిరి, ఎట్లు బాగుచేసికొనిరి అనునదే నా విషయము.

ఈ సీమలో చక్రముకంటె ముందు ఎద్దు వీపే ఇల్లు. నల్లమలకును ఎర్రమలకును నడుమ నున్న రేగడినేలలో వానకాలమున బండి కదలదు. నంది కనుమవంటి కొండదారులలో ఎండకాలమునను కష్టమే. కాబట్టి కోస్తానుండి ఉప్పును, ఇక్కడినుండి ధాన్యమును ప్రత్తిని మోసినవి పెరికెయెడ్లు. లంబాడీలు, ఉప్పుకొరచలు ఆలుబిడ్డలతో, కోళ్ళతో, కుక్కలతో ఏడాది పొడుగునను నడచెడివారు. మైసూరు యుద్ధములలో కారన్‌వాలిసు మొదలైన సేనానులు సైన్యమునకు తిండిగింజలకై ఈ లంబాడీల యెడ్లనే నమ్ముకొనిరి. సాయంకాలము విడిది చేరగానే గోనెలు దించి వలయముగా పేర్చిన అదే ప్రాకారము, అదే గోడ. పిదప మగవారి మొదటి పని వంట గాదు, ఎద్దు వీపు తడవి చూచుట. గంతలోని గడ్డి అణగి ఒకచోట గట్టిపడినచో మరునాటికి పుండు పడును. పుండుపడిన ఎద్దు పదిదినములు బరువు మోయదు. కావున ప్రతిరాత్రియు గంత విప్పి, గడ్డి దులిపి, మరల కుట్టవలసినదే. ఇల్లు బాగుచేసికొనుట యన వారికి సూది, దారము, గడ్డి.

ఇక గుడారము మాట. 1800 సంవత్సరమున నిజాము బళ్ళారి, అనంతపురము, కడప ప్రాంతములను ఇంగ్లీషు కుంపిణీకి ధారపోసెను. వీనికే దత్తమండలములని పేరు. కర్నూలు పట్టణము మాత్రము 1839 వరకును నవాబు చేతనే యుండెను. ఈ మండలములకు ప్రధాన కలెక్టరుగా వచ్చిన తామసు మన్రో 1807 వరకు ఇక్కడ నుండి, ఆ ఏడేండ్లలో అధికభాగము గుడారములలోనే గడపెను. ఇంటిలో కూర్చున్న దొరయొద్దకు వచ్చునది గుమాస్తా చెప్పిన మాట. చెట్టుక్రింద గుడారము వేసికొన్నవానియొద్దకు రైతు తానే వచ్చును. ఇది అతని నమ్మకము. తన క్రింది దొరలను గూడ అట్లే తిరుగుమని ఆజ్ఞాపించెను. రైతువారీ పద్ధతి మంచిచెడ్డలను గూర్చి నేడును వాదములున్నవి. ఆనాటి శిస్తు బరువైనదని నా అభిప్రాయము. కాని ఆ శిస్తు గుడారములో కూర్చుండి కట్టబడినదను సంగతి మాత్రము మరువరాదు.

గుడారపు కాపురము చూచువారికి విలాసముగా కనబడునుగాని అది తీరని చాకిరి. ఒక గుడారములో దొర నిద్రించుచుండగనే రెండవ గుడారము రాత్రికి రాత్రి ఎద్దులమీద ముందటి మజిలీకి పోవలయును. తెల్లవారి ఎండ ముదరకముందే ఖలాసీలు దానిని నిలుపవలయును. కడప ప్రక్క నాపరాతి నేలలో కొయ్యమేకు దిగదు, ఇనుపమేకు కావలెను. నంద్యాల రేగడిలో ఏ మేకైనను దిగును గాని ఒక వాన పడెనా ఊడివచ్చును. అక్కడ మేకునకు బదులు త్రాటికి బరువైన రాయి కట్టి గుంటలో పాతుట మేలు. వాన వచ్చునని తోచినప్పుడు త్రాళ్ళు బిగించుట తెలియనివాని పని, తెలిసినవాడు వదులుచేయును. నూలుత్రాడు, జనపత్రాడు తడిసినకొలది కురుచయగును గనుక బిగించి యుంచినచో కంబమైనను విరుగును, గుడ్డయైనను చినుగును. తడిగుడ్డను చుట్టి మూట కట్టినచో మూడవనాటికి బూజు, నెలనాళ్ళకు చీకు. చెదలు సరేసరి. కనాతు అంచు ఒక రాత్రి నేల తాకియున్నచో ఉదయమునకు జల్లెడయగును. మన్రో పిమ్మట మదరాసు గవర్నరై, కడపటిసారి ఈ సీమను చూడవచ్చి, 1827 జులై 6వ తేదీన పత్తికొండ విడిదిలో వాంతిభేదితో చనిపోయెను. ఇక్కడ గుడారములలో బ్రదికినవాడు దారిలోనే ప్రాణము విడిచెను.

ఆ తరువాత మూడేండ్లకు, 1830 మే నెలలో, మదరాసు సుప్రీముకోర్టులో ఉద్యోగియైన ఏనుగుల వీరాస్వామయ్యగారు కాశీకి బయలుదేరి తిరుపతి, కడప, దువ్వూరు మీదుగా అహోబిలము, మహానంది, ఆత్మకూరు, శ్రీశైలము చూచుకొని కృష్ణ దాటిపోయిరి. పల్లకీలు, బోయీలు, డేరాలు, పెద్ద పరివారము. తిరిగి ఇల్లు చేరుటకు ఇంచుమించు పదునాఱు నెలలు పట్టెను. ఏ యూర నీరు మంచిది, ఏ దారి రాళ్ళదారి, ఎక్కడ సామాను దొరకునో వ్రాసిపెట్టిన ఆయన యాత్రాచరిత్రము తెలుగున బాటసారి వ్రాసిన గొప్ప గ్రంథము. దానిని చదువునప్పుడు చక్రముల చప్పుడుకంటె బోయీల అడుగుల చప్పుడే ఎక్కువ వినబడును. బండికి తగిన బాట అప్పటికింకను లేదు.

బాట 1845 ప్రాంతమునుండి వచ్చినది. మదరాసు ప్రభుత్వము పెద్దబాటలకు ప్రత్యేకశాఖ నేర్పరచిన పిమ్మట కంకర పడెను, చెట్లు నాటిరి, కొన్ని వాగులకు వంతెనలు లేచెను. బాటతో బండియు మారెను. వెనుకటి బండికి పలకలు చేర్చి కోసిన బిళ్ళచక్రములు. వాని స్థానమున ఆకులచక్రము, దానిమీద ఇనుప కట్టు వచ్చెను. కొయ్య యిరుసుపోయి ఇనుప యిరుసు వచ్చెను. నల్లమల టేకు నొగలకు, తుమ్మకొయ్య కుండకు పూఠీలకు. పైని వెదురుతడిక గూడు, లోపల వరిగడ్డి పరుపు, దానిమీద ఆదవాని జంబుఖానా, క్రింద గడ్డివల, ఇరుసు ప్రక్క వ్రేలాడెడి కందెన కొమ్ము. ఇదియే మన గూడుబండి. అందు జనులు పుట్టిరి, పెండ్లిండ్లకు పోయిరి, కొందరు అందే పోయిరి. ఎద్దులకు గూడ మార్పు తప్పలేదు. మట్టిదారిలో అరుగని గిట్టలు కంకరబాటపై అరుగనారంభించెను. చీలిన గిట్టకు రెండేసి చొప్పున ఎద్దొకటికి ఎనిమిది లాడములు కొట్టవలసివచ్చెను.

చక్రమునకు కట్టు ఎక్కించుట మీలో పలువురు చూచియుందురు. నాలుగున్నర అడుగుల చక్రమునకు చుట్టుకొలత పదునాలుగడుగులు. కట్టును దానికంటె ఇంచుక తక్కువగా చేయుదురు. పిడకలు వలయముగా పేర్చి కాల్చినప్పుడు కట్టు ఎర్రబారి ఇంచుమించు ఒక అంగుళము సాగును. అప్పుడు నలుగురు పట్టుకారులతో నెత్తి చక్రముపై వేసి, సుత్తులతో దింపి, పూఠీ అంటుకొనకముందే నీళ్ళు పోయుదురు. కట్టు చల్లారి కుంచించుకొని ఆరు పూఠీలను, పన్నెండాకులను కుండలోనికి బిగియ నొత్తును. మేకు లేదు, జిగురు లేదు. చల్లారిన ఇనుము బిగింపే చక్రమునకు ప్రాణము.

కాని మన సీమకు ఎండ ఒక శాపము. మార్చి మొదలుకొని కొయ్య ఎండి ముడుచుకొనును, ఇనుము ఎండకు సాగును. రెండును కలిసి కట్టు వదులగును. అందులకే చెరువులో, వాగులో చక్రములు నానవేయుటయు, నీరు లేనిచోట తడిగడ్డి చుట్టుటయు.

నా చిన్నతనమున మాయింట జరిగినది చెప్పెదను. కోయిలకుంట్ల ప్రాంతమున మా యూరు. ఫాల్గునమాసమున అహోబిలము తిరునాళ్ళకు పోవలెనని మా యవ్వకు మ్రొక్కుబడి. బయలుదేరుటకు పదిదినముల ముందు ఊరి కమ్మరి చక్రముపై సుత్తితో తట్టి చూచి మా తాతతో ననెను: “పెద్దాయనా, కట్టు వదులైంది. ఇప్పుడే దించి ఎక్కించకపోతే నడిదారిలో మోసం జేస్తాది.” మా యూర కమ్మరికి నాగలిపనికి కళ్ళములో మేర గలదు గాని కట్టుపనికి వేరుగా రొక్కమియ్యవలెను. ఆ యేడు పంట అంతంతమాత్రము. “జొన్నలు ఇంటికి రానీలే ఆచారీ, చూద్దాం” అనెను మా తాత. పోవునప్పుడు కుందూలో రాత్రియంతయు చక్రములు నానవేసెను. కొయ్య ఉబ్బి కట్టు బిగిసెను. “చూస్తివా, రూపాయి లేకుండానే బిగిసింది” అని మురిసెను. మా యవ్వ మాత్రము, “ఆ నీళ్ళు ఎండేదాకానే ఆ బిగువు” అనెను. ఆళ్ళగడ్డ దాటి రెండవనాటి మధ్యాహ్నము వాగు గట్టు దిగుచుండగా కట్టు జారి తనంతట తాను దొర్లిపోయెను. ఆ దొర్లుట నాకింకను కన్నులయెదుట నున్నది; మాకంటె ముందుగా అదే అహోబిలము పోవునట్లుండెను. రెండు పూఠీలు ఊడెను. బండి వాలి కాడి మెలిపడి ఎడమప్రక్క ఎద్దు మెడ విరుచుకొని పడెను. మేమందరము దెబ్బలు లేక బయటపడితిమి. ఎద్దు బ్రదికినది గాని మరల కాడిక్రిందికి రాలేదు. మా తాత దానిని అమ్మలేదు. కసాయికి తప్ప ఎవరికి అమ్మగలడు? అది మా వాకిట ఆరేండ్లు గడ్డి తిని చనిపోయెను. ఆ ఆరేండ్లును మా తాత ప్రతిదినము దాని మెడకు ఆముదము రాచెను. కమ్మరి ఎదురుపడినప్పుడు తల వంచుకొనెడివాడు.

ఒక ఎద్దు పడినందుకు ఒక ఇల్లు కుంగినది. 1876 మొదలు 1878 వరకు వచ్చిన కరవున సీమలోని ఎద్దులన్నియు పడినవి. అప్పటికి కడప మీదుగా రైలున్నది, 1871 నాటికే అది రాయచూరు చేరినది. కాని కర్నూలు జిల్లాకు రైలు లేదు. స్టేషన్లవరకు గింజలు వచ్చెను. అక్కడినుండి ఊళ్ళకు తెచ్చుటకు బండ్లున్నవి, ఎద్దులు లేవు. గడ్డి లేదు గనుక ఉన్న ఎద్దులును నడువలేవు. పదేండ్ల కొకసారి తీసిన జనాభాలెక్కలలో 1871కిని 1881కిని నడుమ కర్నూలు జిల్లా జనము ఇంచుమించు నాలుగవవంతు తగ్గెను. ఎన్ని గూడుబండ్లు ఆ రెండేండ్లలో వంటచెరకైనవో లెక్క వ్రాసినవారు లేరు.

కరవు పిమ్మట గుంతకల్లు నుండి నంద్యాల మీదుగా బెజవాడకు రైలు వేసిరి. మంచిపనియే. కాని అదే రైలు ఉప్పుకొరచల నోటికూడు తీసినది. రైలు తెచ్చిన ఉప్పు ముందర ఎద్దు తెచ్చిన ఉప్పు నిలువలేదు. పని పోయినను వారు తిరుగుట మానలేదు. ఇల్లే దారి అయినవారు ఎక్కడికి పోవుదురు? పనిలేక తిరుగువాడు దొంగ యనెడి చట్టము 1871లో ఉత్తరదేశమున పుట్టి 1911లో మదరాసు రాజధానికి వచ్చెను. జాతులకు జాతులే పోలీసు రిజిస్టరులో పడెను. ఆత్మకూరు ప్రక్క సిద్ధాపురమునను ఒక సెటిల్మెంటు వెలసెను. ఎద్దు గంతలు కుట్టుకొన్న చేతులు హాజరుపట్టీలో వ్రేలిముద్రలు వేసెను. ఆ చట్టము 1952లో రద్దయినది. పేరుపడిన మచ్చ అంత త్వరగా రద్దు కాలేదు.

బండి పిమ్మటి కథ మీ రెరిగినదే. రబ్బరుటైరు చక్రములు వచ్చెను. కట్టు కాల్చు పని తగ్గెను. ఎద్దు మెడకు బరువు తేలికయైనది. ఆపైని ట్రాక్టరు, దాని వెనుక ట్రాలీ. కందెన కొమ్మునకు బదులు గ్రీజుడబ్బా. మా కమ్మరి మనుమడు నేడు ట్రాలీలకు వెల్డింగు చేయుచున్నాడు.

కాని దారిమీది కాపురము పోలేదు. ఆదోని, కోసిగి, మంత్రాలయము ప్రక్క పల్లెలలో వాన మోసగించిన ఏటను తాళము వేసిన ఇండ్లు వరుసగా కనబడును. ఆ ఇంటివారు సుగ్గికి పోయిరని ముసలివారు చెప్పుదురు. గుంటూరు సీమలో మిరపకాయ కోతకు, లారీలలోను ఆటోలలోను, గింజల మూటలు, సట్లు, చంటిబిడ్డలతో పోయి చేనిగట్టున టార్పాలిను కప్పుకొని నెలల తరబడి యుందురు. మొన్న కోసిగిలో ఒక తల్లి ప్రయాణమునకు ముందు అట్టి టార్పాలినును వాకిట పరచి చినుగులు కుట్టుచుండగా చూచితిని. దబ్బనముతో, గోనెసంచి పురితో, దగ్గర దగ్గరగా కుట్లు వేయుచుండెను. ఇది ఎన్నవ ఏడని అడిగితిని. “గుడ్డకా సామీ, మాకా?” అనెను.