తాండూరుకు దూరవిద్య కొత్త కాదు

కరోనా కాలంలో యూనివర్సిటీ విద్యార్థులు ఆన్‌లైన్ పాఠాలపై చూపిన విముఖతకు టెక్నాలజీ అలవాటు లేకపోవడమే కారణమనడం తేలిక. వికారాబాద్, తాండూరు వైపు నుంచి చూస్తే ఆ మాట నిలవదు. తాండూరు పొలిమేర దాటగానే వచ్చే గుల్బర్గా జిల్లా పల్లెల్లో 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు ఉపగ్రహం ద్వారా టీవీ పాఠాలు నడిచాయి. ‘సైట్’ అనే ఆ ప్రయోగం ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల్లో 2,400 గ్రామాలకు చేరింది. 1982లో హైదరాబాద్‌లో దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం పుట్టింది. కాలేజీకి వెళ్లలేని ఉద్యోగులకూ గృహిణులకూ పుస్తకాలూ రేడియో పాఠాలూ అందించింది. ఆ రెండూ దూరం నుంచి వచ్చిన చదువులే. అయితే సైట్ టీవీని పెట్టింది ఊరందరూ కూర్చునే చోట. సార్వత్రిక విశ్వవిద్యాలయానికి అధ్యయన కేంద్రాలుండేవి, అక్కడ అనుమానం అడగడానికి అధ్యాపకుడుండేవాడు. పాఠం ఎంత దూరం నుంచి వచ్చినా, దాన్ని అందుకునే చోటు ఉమ్మడిది.

2020 మార్చిలో పోయింది ఆ చోటే. హాస్టళ్లు మూసి పిల్లల్ని ఇళ్లకు పంపారు, ఇంటినే తరగతి చేసుకోమన్నారు. ఆ ఇళ్లెలాంటివో ప్రభుత్వానికి తెలుసు: 2017-18 జాతీయ శాంపిల్ సర్వే ప్రకారం దేశంలోని గ్రామీణ కుటుంబాల్లో కంప్యూటర్ ఉన్నవి 4.4 శాతం, ఇంటర్నెట్ అందేవి 14.9 శాతం. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం అధ్యాపకులు 2020లో దాదాపు 2,500 మంది విద్యార్థులను అడిగితే, 90 శాతం దగ్గర మొబైల్ ఉంది కానీ ఆన్‌లైన్ తరగతులు వినగలమన్నది 37 శాతమే. ఫోన్ చేతిలో ఉన్నవాళ్లే వినలేమంటున్నారంటే లోటు ఎక్కడుందో వేరే చెప్పాలా? సిగ్నల్, డేటా ఖర్చు, కూర్చోవడానికి ఓ గది, ఇంటి పని అడ్డురాని ఓ గంట. ఈ చివరిది ఆడపిల్లలకు మరీ కరువు.

తాండూరు నుంచి హైదరాబాద్‌కు వంద కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం తప్పిందిగా, రికార్డు చేసిన పాఠం మళ్లీ వినొచ్చుగా అనేవారున్నారు. నిజమే, పని చేసుకుంటూ చదివేవారికి అది పెద్ద మేలు. కానీ సైన్స్ ప్రాక్టికల్స్ ఫోన్‌లో జరగవు. గుంపులు ప్రాణాంతకమైన రోజుల్లో ఉమ్మడి చోటు ఎలా సాధ్యమన్న ప్రశ్న ఇంకా బరువైనది. తొలి నెలల్లో దానికి జవాబు లేదు. అయితే చివరి సంవత్సరం పరీక్షలు జరగాల్సిందేనని 2020 ఆగస్టు 28న సుప్రీంకోర్టు తేల్చాక, సెప్టెంబరులోనే ఉస్మానియా పరీక్షా కేంద్రాలు తెరిచింది. ఎడంగా కూర్చోబెట్టి పరీక్ష రాయించగలిగిన గదుల్లోనే, అంతే ఎడంతో, నెట్ కనెక్షన్ ఇచ్చి పాఠం వినిపించగలిగేవారే. కానీ డిగ్రీ కాలేజీల తలుపులు తెరుచుకోవడానికి 2021 ఫిబ్రవరి 1 దాకా పట్టింది. మార్చి 24న మళ్లీ మూశారు.