నిలువ నీడ చూపిన ఫిలిప్ పేటన్

కూడు, గుడ్డ, నీడ అను మూడింటిలో నీడ దొరకుటయే కొందఱికి మిక్కిలి కష్టము. చేత రొక్కమున్నను, ఒంటి రంగును చూచి ఇల్లు లేదనిపించుకొను దుఃస్థితి ఇరువదవ శతాబ్దారంభమున న్యూయార్కు నగరమందలి నల్లజాతివారికి పట్టియుండెను. వారికి హార్లెము పేట తలుపులు తెఱపించినవారిలో ముఖ్యుడు రాజకీయ నాయకుడు గాడు, మతాచార్యుడు గాడు. ఇండ్ల బేరములు కుదుర్చు దళారి. అతడే ఫిలిప్ పేటన్.

పేటన్ 1876లో మసాచుసెట్సు రాష్ట్రమందలి వెస్టుఫీల్డులో జన్మించెను. తండ్రి క్షురకుడు. 1899లో న్యూయార్కు చేరి, కొంతకాలము క్షౌరవృత్తి చేసెను. కొంతకాలము ఇండ్ల బేరముల కార్యాలయమొకదానిలో ఊడ్చి తుడుచు కొలువు చేసెను. అచ్చటనే వ్యాపారపు మెలకువలు గ్రహించి, 1900లో స్వయముగా కార్యాలయము తెఱచెను. తొలినాళ్లలో బేరములు రాలేదు. భార్య కుట్టుపని చేసి సంసారము నెట్టుకొని వచ్చెను. ఇతరులకు ఇండ్లు చూపవలసినవాడే అద్దె చెల్లింపలేక ఇల్లు విడువవలసి వచ్చెను.

అంతలో 134వ వీధిలో ఇద్దఱు యజమానులకు కలహము పుట్టెను. వారిలో ఒకడు రెండవవానిపై కసి తీర్చుకొనుటకై, నల్లజాతివారికి అద్దెకిమ్మని తన ఇంటిని పేటన్ కప్పగించెను. పేటన్ స్వయముగా చెప్పిన వృత్తాంతమిది. ఆ కాలమున భూగర్భ రైలు వచ్చునను ఆశతో హార్లెములో మేడలు మితిమీరి లేచినవి. అద్దెకు వచ్చువారు చాలలేదు. ఒకవైపు ఖాళీ మేడలు, మఱియొకవైపు నీడలేని జనము. ఈ రెంటిని కలిపి, సకాలమున అద్దె వసూలు చేసి యిచ్చుటతో యజమానుల నమ్మకము చూఱగొనెను.

1904లో 5 లక్షల డాలర్ల మూలధనము సేకరించు లక్ష్యముతో ఆఫ్రో-అమెరికన్ రియల్టీ కంపెనీ వెలసెను. వాటా వెల 10 డాలర్లే. శ్వేతజాతీయుల సంస్థ యొకటి 135వ వీధిలో కొన్ని ఇండ్లు కొని, అందలి నల్లజాతివారిని వెడలగొట్టగా, పేటన్ ప్రక్క ఇండ్లను కొని వారిని అందు నిలిపెను. తుదకు ఆ సంస్థయే తన ఇండ్లను విక్రయించి తప్పుకొనెను.

అతని చరిత్రలో మచ్చ లేకపోలేదు. అద్దెలు హెచ్చని కొందఱు నిందించిరి. ఆస్తుల విషయమై తమను భ్రమపెట్టిరని 1906లో కొందఱు వాటాదారులు న్యాయస్థానమునకెక్కిరి. 1908లో కంపెనీ మూతపడెను. జాతిసేవ, లాభాపేక్ష ఒకే త్రాసులో తూగుట ఎంత కష్టమో దీనివలన తెలియును. అయినను పేటన్ వృత్తి విడువలేదు. 1917లో 41వ యేట మరణించువఱకు ఇండ్ల వ్యవహారములందే యుండెను.

అదే 135వ వీధిలో 1905లో నగర గ్రంథాలయపు శాఖ యొకటి తెఱవబడెను. 1926లో ఆర్టురో షాంబర్గు సేకరించిన నల్లజాతి చరిత్ర గ్రంథములు అందు చేరినవి. నేడది జగద్విఖ్యాతమైన పరిశోధన కేంద్రము. దానిని పేటన్ కట్టలేదు. కాని దాని పాఠకులకు ఆ వీధులలో నిలువ నీడ చూపినవారిలో అతడు అగ్రగణ్యుడు. జనము కుదురుకొన్నచోటనే పుస్తకము కుదురుకొనును.