సీసా అడుగున చేరినవి

నారిచ్ ఊరి మధ్యలో బస్సెక్కి నైరుతి దిక్కుగా వస్తే, ఇళ్ళు పలచబడుతున్న చోట ఆస్పత్రి కనిపిస్తుంది. ఇంగ్లండ్ తూర్పు అంచున ఉన్న నార్ఫోక్ ఇది. కొండలు లేని నేల, గాలికి అడ్డమన్నది లేదు. కోటు బొత్తాలు పెట్టుకోండి. ఆస్పత్రికి దగ్గర్లోనే యూనివర్సిటీ ఆఫ్ ఈస్ట్ ఆంగ్లియా వాళ్ళ బాబ్ ఛాంపియన్ భవనం ఉంది. బాబ్ ఛాంపియన్ శాస్త్రవేత్త కాదు, గుర్రప్పందేల జాకీ. వృషణాల క్యాన్సర్‌ నుంచి బయటపడి 1981లో గ్రాండ్ నేషనల్ పందెం గెలిచాడు. ఆ పేరు గుర్తుంచుకోండి, కాసేపట్లో ఒక సూక్ష్మజీవి దగ్గర మళ్ళీ వినబడుతుంది.

ముందు ఓపీలోకి వెళదాం. అరవై దాటిన ఒకాయన మంచం మీద పక్కకి తిరిగి, మోకాళ్ళు ముడుచుకుని పడుకున్నాడు. డాక్టరు గ్లవ్ తొడుక్కుని, జెల్ రాసుకుని, మలద్వారం గుండా వేలితో తడుముతున్నాడు. ప్రోస్టేట్ పెద్ద ఉసిరికాయంత గ్రంథి. మూత్రాశయం కింద, మూత్రనాళాన్ని చుట్టుకుని ఉంటుంది. వెనక పేగు గోడకి ఆనుకుని ఉంటుంది కాబట్టే వేలికి అందుతోంది. పెద్దాయన పళ్ళు బిగించి పైకప్పు కేసి చూస్తున్నాడు. నిమిషం కూడా పట్టదు, అయిపోయింది.

అలా నొక్కినప్పుడు గ్రంథిలోని స్రావం కొంత మూత్రనాళంలోకి దిగుతుంది. అందుకే ఆయన లేవగానే చేతికి సీసా ఇచ్చి, మొదటి ధారే పట్టమంటారు. మామూలు మూత్ర పరీక్షకి మొదటి ధార వదిలేసి మధ్యలోది పట్టమంటారు కదా, ఇక్కడ ఆ వదిలేసేదే కావాలి.

సీసా వెంట మనమూ ల్యాబ్‌కి వెళదాం. సెంట్రిఫ్యూజ్ గిర్రున తిరిగి ఆగింది. పైన పసుపుపచ్చని నీరు, అడుగున కంటికి ఆనీ ఆనని మడ్డి. ఆ మడ్డిని గాజుపలక మీద పూసి, రంగు పట్టించి, మైక్రోస్కోపు కింద పెట్టారు. కన్ను ఆనించండి. పెద్దగా కనిపిస్తున్నవి మనిషి కణాలు. వాటి మధ్య సన్నని చుక్కలు, పుల్లలు ఉన్నాయి చూశారా, అవి బాక్టీరియా. ఒంట్లో ఏ ఇబ్బందీ లేనివాడి మూత్రంలో క్రిములే ఉండవని వైద్యపుస్తకాలు చాలాకాలం చెప్పాయి. అది నిజం కాదని తేలి పదేళ్ళు దాటింది. కాబట్టి చుక్క కనబడగానే ఉలిక్కిపడక్కర్లేదు. అయితే ఇక్కడి కొలిన్ కూపర్, జెరెమీ క్లార్క్, రేచల్ హర్స్ట్, డేనియల్ బ్రూయర్‌ల బృందం సీసా తర్వాత సీసా చూసుకుంటూ పోతే, క్యాన్సర్ ముదిరే ముప్పు ఎక్కువని వైద్యులు లెక్కగట్టిన రోగుల మడ్డిలోనే ఇవి ఎక్కువసార్లు కనబడ్డాయి.

ఏ బాక్టీరియా అవి? మన వీధి చివరి డయాగ్నస్టిక్ సెంటర్లో యూరిన్ కల్చర్‌కి ఇస్తే ఒకటి రెండు రోజుల్లో రిపోర్టు వస్తుంది. చాలాసార్లు అందులో ‘నో గ్రోత్’ అనే ఉంటుంది. ఆ పళ్ళేన్ని పెట్టింది మామూలు గాలి ఉన్న ఇంక్యుబేటర్లో. ఆక్సిజన్ సోకితే చచ్చే జీవి అందులో ఎలా మొలుస్తుంది? అలాంటివాటిని పెంచడానికి వేరే పెట్టె కావాలి. లోపల నైట్రోజన్, కార్బన్ డయాక్సైడ్, కొద్దిగా హైడ్రోజన్ నింపి, ఆక్సిజన్ అన్నది లేకుండా చేస్తారు. గోడకున్న తొడుగుల్లోకి మోచేతుల దాకా చేతులు దూర్చి పనిచేయాలి. పళ్ళేలు రోజుల తరబడి లోపలే ఉంటాయి. తొందరపడేవాడికి ఏమీ దొరకదు.

నారిచ్ బృందం అలా పెంచింది, జన్యుక్రమాలూ చదివింది. 600 మందికి పైగా రోగుల మూత్రాన్నీ ప్రోస్టేట్ కణజాలాన్నీ పరీక్షించి, 2022లో యూరోపియన్ యూరాలజీ ఆంకాలజీ పత్రికలో ఫలితాలు ప్రకటించింది. అనెరోకాకస్, పెప్టోనిఫిలస్, పోర్ఫిరోమోనాస్, ఫెనోల్లారియా, ఫ్యూసోబాక్టీరియం అనే అయిదు ప్రజాతులు బయటపడ్డాయి. అయిదూ ఆక్సిజన్ గిట్టనివే. వీటిలో ఒక్కటైనా ఉన్నవాళ్ళకి క్యాన్సర్ ముదిరే అవకాశం లేనివాళ్ళకంటే 2.6 రెట్లు. అంతవరకు ఎవరూ ఎరగని జీవులు కొన్ని దొరికితే, ఒకదానికి పోర్ఫిరోమోనాస్ బోబీ అని పేరు పెట్టారు. మన జాకీ పేరున నడిచే క్యాన్సర్ ట్రస్టు డబ్బు పెట్టినందుకు కృతజ్ఞత అది. రోగంతో ముడిపడ్డ క్రిమికి పేరిచ్చి సత్కరించడం ఎలాంటి గౌరవమో నాకు అర్థం కాదు గానీ, శాస్త్రవేత్తల లోకం అలాగే ఉంటుంది.

ఇప్పుడు అసలు తగువు. నేరం జరిగిన ఇంట్లో దొరికినవాడల్లా నేరస్థుడు కాడు. గట్టిగా పెరిగే కణితి లోపల రక్తనాళాలు సరిగ్గా అల్లుకోవు, ఆక్సిజన్ తగ్గిపోతుంది. ఆక్సిజన్ పడని జీవులకి అది కోరుకున్న నివాసం. అంటే క్యాన్సర్ వచ్చాకే ఇవి వచ్చి చేరాయేమో! లేక ఇవే ఏళ్ళ తరబడి లోపల చేరి, కణజాలాన్ని వాచేలా చేసి క్యాన్సర్‌కి దారి తీశాయా?

రెండో మాటకి కొంత బలం బాల్టిమోర్‌లో ఉంది. జాన్స్ హాప్కిన్స్‌లో ఏంజెలో డి మార్జో 1999లో చూపించిన గాజుపలకలు అవి. ప్రోస్టేట్‌లో కొన్నిచోట్ల గ్రంథుల లోపలి పొర ఎండి పలచబడి ఉంది. చుట్టూ తెల్లకణాలు మూగి ఉన్నాయి. ఎండిపోయినవి చచ్చినట్టు పడి ఉండాలి కదా? అలా కాదు, కణాలు జోరుగా విభజన చెందుతున్నాయి. క్యాన్సర్ కణాలకి పక్కనే ఇలాంటి మచ్చలు తరచుగా కనబడతాయి. వాపుకి ఏదో కారణం ఉండాలి. మొటిమల బాక్టీరియా, అదే క్యూటిబాక్టీరియం ఆక్నెస్, ప్రోస్టేట్ కణజాలంలో దొరికిందని 2005 నుంచే వింటున్నాం. ఎలుకల ప్రోస్టేట్‌లోకి ఎక్కిస్తే వాపు వచ్చి చాలాకాలం ఉండిపోయింది కూడా. చిక్కేమిటంటే అది మనందరి చర్మం మీదా ఉంటుంది. కణజాలం తీసే చేతిమీదా ఉంటుంది.

ఇలా బయటినుంచి నమూనాలో కలిసేవాటి చిక్కు ఎంత దూరం తీసుకెళ్తుందో తెలియాలంటే 2006 నాటి క్లీవ్‌లాండ్‌కి వెళ్ళాలి. అక్కడ క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో రాబర్ట్ సిల్వర్‌మన్, కాలిఫోర్నియాలో జో డెరిసి వాళ్ళు కొందరు రోగుల ప్రోస్టేట్ కణితుల్లో ఎక్స్‌ఎంఆర్‌వీ అనే కొత్త వైరస్ కనుక్కున్నారు. ఒక జన్యుమార్పు ఉన్న 20 మందిలో 8 మందికి అది ఉందన్నారు. పత్రికలు హోరెత్తాయి. తర్వాత ఒక్కొక్క ల్యాబూ వెతికితే చాలాచోట్ల దొరకలేదు. 2011లో అసలు సంగతి తేలింది. 1990లలో మనిషి కణితిని ఎలుకల్లో పెంచుతుండగా రెండు ఎలుక వైరస్‌ల ముక్కలు కలిసి పుట్టిన వైరస్ అది. అక్కడి నుంచి కణాల వెంటే ల్యాబుల్లోకి వచ్చింది. రోగుల ఒంట్లో అది ఏనాడూ లేదు. 2012లో ఆ పాత పరిశోధన పత్రాన్ని వెనక్కి తీసుకున్నారు. తన నమూనాల్లోనే కల్తీ ఉందని నిరూపించే పనిలో సిల్వర్‌మన్ కూడా చేయి వేశాడు. నా లెక్కలో ఆయన చేసిన పనులన్నిటిలో అదే పెద్దది.

అందుకే నారిచ్ ఫలితాన్ని నేను ఆసక్తిగా చదువుతాను, తీర్పుగా మాత్రం తీసుకోను. కడుపులో పుండుకి బాక్టీరియా కారణమని చూపించడానికి పెర్త్‌లో బారీ మార్షల్ 1984లో హెలికోబాక్టర్ పైలోరీని తానే తాగేశాడు, కొద్ది రోజుల్లో కడుపు లోపలి పొర వాచింది. ప్రోస్టేట్ క్యాన్సర్ దశాబ్దాలు తీసుకునే జబ్బు. దానికి అలాంటి అడ్డదారి లేదు.

ఈలోగా మన సంగతి. ప్రోస్టేట్‌కి ఇన్‌ఫెక్షన్ వస్తే రక్తంలో పీఎస్ఏ, అంటే క్యాన్సర్ అనుమానంతో కొలిచే ప్రోస్టేట్ ప్రోటీన్, పెరుగుతుంది. జ్వరం, మూత్రంలో మంట ఉంటే మందులు వాడి, కనీసం ఆరు వారాలు ఆగి మళ్ళీ పరీక్ష చేయించుకోండి. ఏ లక్షణమూ లేకుండా, అంకె దించడానికని మెడికల్ షాపులో యాంటీబయాటిక్ కోర్సు కొని మింగకండి. అంకె దిగినంత మాత్రాన క్యాన్సర్ లేదని కాదు. మూత్రంలో ఈ అయిదు ప్రజాతులు చూసి చికిత్స నిర్ణయించే పరీక్ష ఇంకా ఆస్పత్రుల వాడుకలోకి రాలేదు. ఎవరైనా వచ్చిందని అమ్మజూపితే, డబ్బు జేబులోనే ఉంచుకుని యూరాలజిస్టు దగ్గరికి వెళ్ళండి.