మోతాదు నుంచి లెవెల్ దాకా

1954 డిసెంబరు 23న బోస్టన్‌లోని పీటర్ బెంట్ బ్రిగమ్ ఆస్పత్రిలో జోసెఫ్ మరే బృందం ఒక యువకుడి కిడ్నీని అతని కవల సోదరుడికి అమర్చింది. ఇద్దరూ సరూప కవలలు. శరీరం ఆ కిడ్నీని పరాయిదనుకోలేదు కనుక రోగనిరోధక శక్తిని అణచే మందు అవసరమే పడలేదు. ఆ అదృష్టం లేనివారికి 1960ల తొలి ఏళ్లలో వచ్చిన అజథయోప్రిన్ దిక్కయింది. అజథయోప్రిన్‌ను శరీర బరువును బట్టి ఇచ్చేవారు, తెల్లరక్తకణాలు మరీ పడిపోతే తగ్గించేవారు. రక్తంలో మందు ఎంత ఉందో కొలవడం అప్పటి వైద్యంలో భాగం కాలేదు.

ఆ అవసరాన్ని తెచ్చిపెట్టింది సైక్లోస్పోరిన్ అనే మందు. నార్వేలోని హర్డంగర్‌విడ్డా పీఠభూమి నుంచి 1969లో తెచ్చిన మట్టిలో ఒక బూజు దొరికింది. అది తయారుచేసే పదార్థానికి రోగనిరోధక శక్తిని అణచే గుణముందని 1972లో స్విట్జర్లాండ్‌లోని శాండోజ్ కంపెనీ ప్రయోగశాలలో తేలింది. 1978లో కేంబ్రిడ్జ్‌లో రాయ్ కాన్ దాన్ని కిడ్నీ మార్పిడి రోగులకు వాడాడు. మోతాదు రోజుకు కిలో బరువుకు 25 మిల్లీగ్రాములు. ఇప్పటి వైద్యులకు ఆ అంకె చూస్తేనే భయం వేస్తుంది. శరీరం కొత్త కిడ్నీని తిరస్కరించడాన్ని, అంటే రిజెక్షన్‌ను ఆ మందు బాగా అడ్డుకుంది, కానీ ఏ కిడ్నీని కాపాడాలో దాన్నే దెబ్బతీసింది. జంతువుల మీద చేసిన ప్రయోగాల్లో ఈ ప్రమాదం బయటపడలేదు.

వైద్యుల చిక్కంతా ఇక్కడే మొదలైంది. మార్పిడి జరిగిన రోగికి, కిడ్నీ దెబ్బతింటే రక్తంలో ఎక్కువయ్యే క్రియాటినిన్ పెరిగిందనుకోండి. అది రిజెక్షన్ అయితే మందు పెంచాలి, మందు విషప్రభావమైతే తగ్గించాలి. రెంటిలో ఏదని పొరబడినా కిడ్నీ పోవచ్చు. బయాప్సీ ఒక దారి. రక్తంలో మందు ఎంతుందో తెలుసుకోవడం ఇంకొక దారి. రాసిచ్చిన మోతాదును చూస్తే ఆ సంగతి తెలియదు. నూనెతో కలిపి తయారుచేసిన తొలి సైక్లోస్పోరిన్ ఒంటికి పట్టాలంటే పైత్యరసం కావాలి. పట్టిన దానిలో కొంత పేగుల్లోనే, మరికొంత కాలేయంలో విరిగిపోతుంది. ఒకే బరువున్న ఇద్దరికి ఒకే మోతాదు ఇచ్చినా వాళ్ల రక్తంలో దాని పాళ్లు ఎంతో తేడాగా ఉండేవి.

1980ల మొదట్లో రక్తంలో మందును కొలిచే రేడియోఇమ్యునో పరీక్ష వచ్చింది. కొలవడం మొదలయ్యాక, ఏం కొలుస్తున్నామన్న ప్రశ్న వచ్చింది. సైక్లోస్పోరిన్‌లో పెద్దభాగం ఎర్రరక్తకణాల్లోకి చేరుతుంది, ఉష్ణోగ్రత మారితే ఆ పంపకమూ మారుతుంది. ప్లాస్మాను వేరుచేసిన గది ఎంత చల్లగా ఉందన్నదాన్ని బట్టి ఫలితం మారిపోయేది. పైగా పరీక్షలో వాడే తొలినాటి యాంటీబాడీలు మందుతో పాటు అది విరిగాక మిగిలే ముక్కలనూ పట్టుకుని అంకెను పెంచి చూపేవి. ఒక ఆస్పత్రి అంకెను ఇంకో ఆస్పత్రి అంకెతో పోల్చే వీలుండేది కాదు. ప్లాస్మా వద్దు, మొత్తం రక్తాన్నే పరీక్షించాలి, అసలు మందును మాత్రమే గుర్తించే పద్ధతి వాడాలి అన్న ఏకాభిప్రాయం ఆ దశాబ్దం చివరికి కుదిరింది. ఈ చరిత్రలో అంతగా ఎవరూ చెప్పుకోని ఘట్టమిది. నా దృష్టిలో తర్వాత వచ్చినదంతా దీని మీదే నిలబడింది.

ఎప్పుడు కొలవాలన్నది మరో వివాదం. ఉదయం మాత్ర వేసుకోకముందు, అంటే మందు అడుగంటిన వేళ రక్తం తీయడం ఆనవాయితీ అయింది. 1990ల మధ్యలో బాగా ఒంటికి పట్టే కొత్త సైక్లోస్పోరిన్ వచ్చాక, మాత్ర వేసుకున్న రెండు గంటలకు తీస్తే మందు ప్రభావం మరింత సరిగా తెలుస్తుందని తేలింది. కిక్కిరిసిన ఓపీలో రెండు గంటలంటే రెండు గంటలకే సూది గుచ్చడం ఎంత కష్టమో నర్సులను అడగాలి.

ఆ వివాదం తేలకుండానే అదే పనిచేసే మరో మందు టాక్రోలిమస్ ముందుకొచ్చింది. 1984లో జపాన్‌లోని సుకుబా కొండ దగ్గరి మట్టిలోని సూక్ష్మజీవి నుంచి దాన్ని కనుగొన్నారు. 1989లో పిట్స్‌బర్గ్‌లో థామస్ స్టార్జల్ మనుషులకు వాడాడు. మొదట్లో రక్తంలో మిల్లీలీటరుకు 10 నుంచి 20 నానోగ్రాములుండాలనేవారు. 2007లో వెలువడిన సింఫనీ అధ్యయనంలో 1,645 మంది రోగులున్నారు. టాక్రోలిమస్ లెవెల్ 3 నుంచి 7 లక్ష్యంగా పెట్టుకుని, తోడుగా రోగనిరోధక శక్తిని అణచే మరో మందు మైకోఫెనోలేట్, స్టెరాయిడ్ తీసుకున్నవారి కిడ్నీలే మెరుగ్గా పనిచేశాయి. అయితే వాళ్ల సగటు లెవెల్ నిజానికి పై అంచుకు దగ్గరగానే ఉంది. 3 ఉన్నా చాలని ఆ అధ్యయనాన్ని చూపి ధీమా పడకూడదు.

మైకోఫెనోలేట్ లెవెల్ చూసి మోతాదు మార్చడం గురించిన అధ్యయనాలు ఒకదానితో ఒకటి పొసగలేదు. చాలాచోట్ల దాన్ని స్థిరమైన మోతాదుతోనే ఇస్తున్నారు.

టాక్రోలిమస్‌ను త్వరగా విరగ్గొట్టే సీవైపీ3ఏ5 ఎంజైమ్ చురుగ్గా ఉన్నవారికి మామూలు కంటే ఒకటిన్నర నుంచి రెండు రెట్ల మోతాదు కావాలి. 2010లో ఫ్రాన్స్ పరిశోధకులు ఈ ఎంజైమ్ జన్యువును పరీక్షించి మోతాదు నిర్ణయిస్తే లెవెల్ త్వరగా లక్ష్యాన్ని చేరింది, రిజెక్షన్ మాత్రం తగ్గలేదు. అంటే జన్యువు తెలిసినా రక్తం తీయక తప్పదు. ఈ ఏళ్లలోనే మరో సంగతి బలపడింది. లెవెల్ ఒకసారి 4, ఒకసారి 11, మళ్లీ 5 అంటూ ఊగిసలాడే రోగుల కిడ్నీలు త్వరగా దెబ్బతింటున్నాయి. ఇది నాకు అన్నింటికంటే ముఖ్యంగా తోస్తుంది, ఎందుకంటే ఊగిసలాటకు కారణాలు చాలావరకు రోజువారీ జీవితంలోనే ఉంటాయి. మాత్ర మరిచిపోవడం, కంపెనీ మారిన మాత్ర, లెవెల్‌ను పెంచే విరేచనాలు, పంపరపనస, అమాంతం పడగొట్టే టీబీ మందు రిఫాంపిసిన్. మన దేశంలో ఖర్చు తగ్గించడానికి డిల్టియాజెమ్ కలిపి ఇచ్చి లెవెల్ పెంచే పద్ధతీ ఉంది. దాన్ని చెప్పకుండా ఆపేస్తే లెవెల్ పడిపోతుంది.

ఈ లెవెల్ చూపించుకోవడానికి దూరపు ఊరి రోగి రాత్రంతా ప్రయాణించి, ఉదయపు మాత్ర జేబులో పెట్టుకుని, రక్తం ఇచ్చాకే వేసుకోవాలి. ఇంట్లోనే వేలికొసన తీసిన రక్తపు చుక్కను కాగితం మీద ఆరబెట్టి ల్యాబుకు పంపే పద్ధతిని కొన్ని దేశాల్లో పరీక్షించి చూశారు. రక్తం చిక్కదనాన్ని బట్టి చుక్క కాగితం మీద పరుచుకునే తీరు మారి అంకె తప్పుతుంటే, కచ్చితమైన కొలత మేరకే రక్తాన్ని పీల్చుకునే చిన్న మొనలను తయారుచేశారు. అంత తక్కువ రక్తంలో మందును పట్టుకోవడానికి మాస్ స్పెక్ట్రోమీటర్ కావాలి. అది ఖరీదైనది, నడపగలిగే నిపుణులూ కొద్దిమందే.