రెసిడెన్సీ బజార్‌లో క్లోరోఫాం తగవు

సుల్తాన్ బజార్‌కు ఆ పేరు 1933 తర్వాతే వచ్చింది. బ్రిటిష్ రెసిడెంటు కోఠీ చుట్టూ పెరిగిన ఈ పేటను అప్పటిదాకా రెసిడెన్సీ బజార్ అనేవారు. వైద్యలోకాన్ని రెండుగా చీల్చిన క్లోరోఫాం తగవులో ఒక పక్షానికి 1880లలో ఈ రెసిడెన్సీ వైద్యుడే పెద్ద దిక్కు.

క్లోరోఫాం 1847లో ఎడిన్‌బరోలో మత్తుమందుగా వాడుకలోకి వచ్చింది. మూడు నెలలైనా గడవకముందే ఇంగ్లండులో ఒక 15 ఏళ్ల పిల్ల కాలిగోరు తీయించుకోబోయి ఆ మత్తులోనే ప్రాణం విడిచింది. ముందు ఆగింది ఊపిరా, గుండెనా? లండన్ వైద్యులు గుండె అన్నారు, నాడి మీంచి వేలు తీయవద్దన్నారు. రెసిడెన్సీ సర్జన్, హైదరాబాద్ వైద్య పాఠశాల అధిపతి ఎడ్వర్డ్ లారీ మాత్రం ఎడిన్‌బరోలో జేమ్స్ సైమ్ శిష్యుడు. ఊపిరిని కనిపెట్టుకుని ఉంటే చాలు, నాడితో పనిలేదన్నది ఆ గురువు పాఠం.

1888లో లారీ ఒక కమిషన్ వేసి కుక్కల మీద ప్రయోగాలు చేయించి తన మాటే నిజమన్నాడు. లండన్ వైద్య పత్రిక లాన్సెట్ ఒప్పుకోలేదు. అయితే మీ మనిషినే పంపండంటూ ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ 1,000 పౌండ్లు ఇచ్చాడు. 1889లో రెండో కమిషన్ కోసం లాన్సెట్ తరఫున లాడర్ బ్రంటన్ వచ్చి, వందల జంతువుల మీద పరీక్షలు జరిపి, లారీ పక్షానికే మొగ్గాడు.

ఈ రెండో కమిషన్ ఇచ్చిన సూచనలు పక్కాగా ఆచరణకు పనికొచ్చేవి. కొసన కాస్త దూది పెట్టిన తెరిచిన గరాటులాంటి టోపీ చాలు. రోగిని వెల్లకిలా పడుకోబెట్టాలి. ఛాతీ కదలిక కనబడేలా బట్టలు వదులు చేయాలి. కంటి పైభాగాన్ని తాకినా రెప్ప కదలకపోతే మత్తు ఎక్కినట్టే, ఇక అప్పుడప్పుడు కొద్దిగా మాత్రమే ఇవ్వాలి.

లారీ అధిపతిగా ఉన్న వైద్య పాఠశాలలో 1889లో చదువు ముగించిన రూపాబాయి ఫర్దూన్‌జీ ప్రపంచపు తొలి మహిళా మత్తువైద్యుల్లో ఒకరు. ఇప్పటి సుల్తాన్ బజార్ ఆసుపత్రి అయిన రెసిడెన్సీ ఆసుపత్రిలోనూ, అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిలోనూ ఆమె క్లోరోఫాం ఇచ్చేవారు.

లారీ సిద్ధాంతం మాత్రం నిలవలేదు. క్లోరోఫాం నేరుగా గుండెనే బలహీనపరుస్తుందని 1893లో గాస్కెల్, షోర్ చూపారు. 1911లో గుడ్‌మన్ లెవీ అసలు మెలిక విప్పాడు. మత్తు పలచగా ఉన్నప్పుడు అడ్రినలిన్ తోడైతే గుండె లయ తప్పి, అదిరి ఆగిపోతుంది. భయంలో, గాయంలో ఒంటిని కాపాడటానికి ఊరే రసాయనమే ఇక్కడ ప్రాణం తీస్తోంది. నిలకడగా గాఢమైన మత్తు ఇచ్చిన జంతువుల్లో ఊపిరే ముందు ఆగింది కాబట్టి హైదరాబాదులో ఇది బయటపడలేదు. నాడిని పట్టించుకోవద్దన్న లారీ మాట తప్పే. ఊపిరి మీంచి చూపు తిప్పకూడదన్న నియమం మాత్రం మత్తువైద్యంలో ఇప్పటికీ చెల్లుతోంది.