కొక్కెం మీద పుట్టిన వీరుడు

అరచేతిలో పట్టే సూపర్‌మ్యాన్ బొమ్మను ఊహించుకోండి. తల, మొండెం ఇంచుమించు ఒకే సైజు. నీలం ఊలుతో ఒళ్లు, ఎర్ర ఊలుతో జోళ్లు, వీపు మీద వేలాడే ఎర్రటి అల్లిక, రొమ్ము మీద ఓ పసుపు ముక్క. కళ్లకు రెండు నల్లటి గుండీలు. కండలు లేవు, ముక్కు లేదు, చాలాసార్లు నోరు కూడా ఉండదు. అయినా నాలుగేళ్ల పిల్లలు సైతం చూడగానే పేరు చెప్పేస్తారు. జపాన్ పద్ధతిలో అల్లే ఇలాంటి బొమ్మలను అమిగురుమి అంటారు. వీటిని సినిమా వీరుడికి చవకబారు నకళ్లుగా, తీరిక వేళల ముచ్చటగా చూడటం మనకు అలవాటైంది. ఆ చూపు సరికాదని నా వాదన. ఈ బొమ్మలో రెండు చరిత్రలు కలిశాయి, రెండూ లేమిలో పుట్టినవే. ఒకటి ఖరీదైన లేసు కొనలేని లోకం కోసం, చేతిలో కొక్కెం తప్ప మరో సాధనం లేని ఆడవాళ్లు పెంచిన పని. రెండోది పది సెంట్లకు అమ్మాల్సి వచ్చిన నాసిరకం కాగితం మీది అచ్చు. తక్కువలో పని కానివ్వాల్సిన అవసరం రెండింటికీ ఒకే విద్య నేర్పింది: వదిలేయగలిగినదంతా వదిలేసి, పోల్చుకోవడానికి చాలినదాన్ని మాత్రం ఉంచడం. ఈ వీరుడు ఊలులో ఇంత సులువుగా ఒదిగిపోవడానికి అసలు కారణం అది.

ముందు కొక్కెం సంగతి. క్రోషే వేల ఏళ్ల నాటిదని, ఈజిప్టు సమాధుల్లో కూడా దొరికిందని చెప్పే మాటలు చాలా ప్రచారంలో ఉన్నాయి. ఈజిప్టులో దొరికిన పాత మేజోళ్లు ఒంటి సూదితో, పొట్టి దారపు ముక్కలతో ముడివేస్తూ చేసినవి, అది వేరే పద్ధతి. రెండు సూదుల అల్లికలో ఒక వరస కన్నులన్నీ ఒకేసారి సూది మీద బతికి ఉంటాయి. క్రోషేలో అలా కాదు, ఎప్పుడు చూసినా కొక్కెం మీద సజీవంగా ఉండే కన్ను ఒక్కటే. మిగతావన్నీ అప్పటికే ముడిపడి ఉంటాయి. ఈ తేడా గుర్తుంచుకుని డెన్మార్క్ పరిశోధకురాలు లిస్ పలుదాన్ యూరప్‌లోని ఆధారాలన్నీ వెతికారు. 1800కు ముందు క్రోషే ఉన్నట్టు నమ్మదగిన సాక్ష్యం ఆమెకు దొరకలేదు. అచ్చులో తెలిసిన తొలి నమూనాలు 1820ల మొదట్లో పెనెలోపే అనే డచ్ పత్రికలో వచ్చాయి. అంటే ఈ విద్య వయసు గట్టిగా లెక్కేస్తే రెండు వందల ఏళ్లు. ప్రాచీనత లేకపోతే గౌరవం ఉండదనుకోనక్కర్లేదు. ఇంత కొత్త విద్య ఇన్ని దేశాల ఇళ్లలోకి ఇంత త్వరగా ఎలా వెళ్లిందన్నదే నాకు మరింత ఆసక్తికరమైన ప్రశ్న.

అది ఎక్కడి నుంచి వచ్చి ఉండొచ్చన్న దానికి ఎక్కువమంది ఒప్పుకునే జవాబు మన కళ్ల ముందే ఉంది. పెళ్లి జాకెట్టు మీద మగ్గం వర్క్ చేసేవాళ్లను చూడండి. బట్టను చట్రానికి బిగించి, కొస వంగిన సూదిని పైనుంచి గుచ్చి, అడుగున పట్టిన దారాన్ని కన్నుగా పైకి లాగి, ఆ కన్నులోంచి ఇంకో కన్ను లాగుతూ గొలుసు కుట్టు పరుస్తారు. భారతదేశం, పర్షియా, టర్కీ, చైనాల్లో ఉన్న ఈ కుట్టు పద్దెనిమిదో శతాబ్దంలో యూరప్ చేరింది. డప్పులా బిగించిన చట్రం మీద చేసేది కాబట్టి అక్కడ దానికి టాంబూర్ అని పేరు. కింద ఉన్న బట్టను తీసేసి, ఆ గొలుసును గాలిలోనే అల్లితే క్రోషే అవుతుంది. ఈ అడుగు ఫలానా రోజున ఫలానా మనిషి వేశారని చూపే కాగితం లేదు, కనుక ఇది ఊహే కదా అని ఎవరైనా అడగవచ్చు. నిజమే. కానీ కొక్కెం ఒకటే, చేతి కదలిక ఒకటే, గొలుసు ఒకటే. తేదీలు కూడా ఒకదాని వెనక ఒకటి వరసలో ఉన్నాయి. ఇంతకంటే బలమైన పోటీ వాదన ఇప్పటిదాకా రాలేదు.

బట్ట తీసేయడంతో పని చవకైంది. చట్రం అక్కర్లేదు, కూర్చునే చోటు అక్కర్లేదు. పని మధ్యలో ఆపి పొయ్యి చూసుకుని మళ్లీ అందుకోవచ్చు, జారిపోయేది ఒక్క కన్నే. ఈ గుణమే దాన్ని కరువు కాలపు చేతిపనిగా మార్చింది. 1845 నుంచి ఐర్లండ్‌లో బంగాళాదుంప పంట తెగులుకు కుళ్లిపోయి లక్షల మంది ఆకలికి, జబ్బులకు చనిపోతున్నప్పుడు కార్క్‌లోని ఉర్సులైన్ సన్యాసినులు, మరికొన్ని సంస్థలు పేద కుటుంబాల ఆడవాళ్లకు, పిల్లలకు క్రోషే లేసు నేర్పించారు. వెనిస్ సూది లేసు సంపన్నులు మాత్రమే కొనగలిగిన సరుకు, దాని పోలికను కొక్కెంతో అంతకంటే చాలా త్వరగా తేవచ్చు. అదే కాలంలో ఎలియనోర్ రీగో ద లా బ్రాంషార్డియేర్ లండన్‌లో వరసగా వేసిన నమూనా పుస్తకాలు ఈ పనిని మధ్యతరగతి ఇళ్లలోకి తీసుకెళ్లాయి. గోదావరి తీరానికి కూడా క్రోషే మిషనరీల వెంటే వచ్చింది. 1844లో స్కాట్లండ్ నుంచి వచ్చిన మెక్రే దంపతులు నరసాపురం ప్రాంతంలో దీన్ని నేర్పారని అక్కడ చెప్పుకునే చరిత్ర. పశ్చిమ గోదావరిలో ఊరూరా వాకిళ్లలో అల్లిన లేసు దేశాలు దాటింది. నరసాపురం క్రోషే లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఈ గుర్తింపు ఎంత సంతోషకరమైనా, అల్లిన చేతులకు ఎంత ముట్టిందన్న ప్రశ్న అలాగే ఉంది.

ఇక రెండో చరిత్ర. అమెరికాలో జెరీ సీగెల్, జో షూస్టర్ అనే ఇద్దరు క్లీవ్‌లాండ్ కుర్రాళ్లు సృష్టించిన సూపర్‌మ్యాన్ 1938 జూన్ తేదీతో వచ్చిన యాక్షన్ కామిక్స్ తొలి సంచికలో కనిపించాడు. వెల పది సెంట్లు. ఆ వెలకు దొరికే కాగితం సిరాను పీల్చేసే న్యూస్‌ప్రింట్. రంగులు నీలం, ఎరుపు, పసుపు, నలుపు మాత్రమే, మిగతావన్నీ వాటి చుక్కల కలయికతో రావాలి. అలాంటి అచ్చులో సున్నితమైన నీడలు నిలవవు, మురికిగా అలుక్కుపోతాయి. ఒక పెట్టె నుంచి మరో పెట్టెకు ముఖం గీత మారిపోయినా, పాఠకుడు మనిషిని తప్పక గుర్తుపట్టాలి. అందుకే సర్కస్ వస్తాదుల బిగుతు దుస్తుల నుంచి తీసుకున్న ఆకారానికి ముదురు రంగుల పెద్ద మడులు, రొమ్ము మీద ఓ గుర్తు తోడయ్యాయి. 1939లో బాట్‌మ్యాన్, 1941లో వండర్ ఉమన్, 1962లో స్పైడర్‌మ్యాన్, అందరూ ఈ నియమానికి లోబడే పుట్టారు. అచ్చు ఎంతగా రూపాన్ని శాసించిందో చెప్పడానికి హల్క్ కంటే మంచి సాక్షి లేడు. 1962 మేలో వచ్చిన మొదటి సంచికలో అతను బూడిదరంగువాడు. ఆ బూడిద ఒక పేజీలో నల్లగా, ఇంకో పేజీలో లేతగా, మరోచోట పచ్చగా పడింది. రెండో సంచికకల్లా అతన్ని ఆకుపచ్చవాణ్ని చేసేశారు. ఇవాళ ఒక అమ్మాయి ఊలు దుకాణంలో ఆకుపచ్చ ఉండ అడిగి హల్క్‌ను అల్లుతోందంటే, ఆ రంగు ఎంపిక వెనక అరవై ఏళ్ల కిందటి అచ్చు యంత్రం మొండితనం ఉంది.

ఈ రెండింటినీ కలిపిన నేల జపాన్. అల్లిన బొమ్మలు జపాన్‌కు ముందే యూరప్‌లో ఉన్నాయి కదా అనే అభ్యంతరం సబబైనదే. రెండో ప్రపంచయుద్ధ కాలంలో బొమ్మలు దొరకని బ్రిటన్‌లో తల్లులు పాత ఊలు విప్పి పిల్లలకు బొమ్మలు అల్లారు. జపాన్‌కు యూరప్ తరహా అల్లిక మెయిజీ యుగంలో ఆడపిల్లల చదువులో భాగంగా బాగా వ్యాపించింది. అంటే అరువు విద్యే. అయితే జపాన్ దానికి చేర్చినవి చిన్నవి కావు. మొదటిది గుర్తుల భాష. ఏ కుట్టుకు ఏ గుర్తు గీయాలో పారిశ్రామిక ప్రమాణంగా నిర్ణయించడంతో జపనీస్ అక్షరం ఒక్కటి రాకపోయినా ఆ పటం చూసి ఎవరైనా అల్లగలరు. రెండోది అందం గురించిన అభిరుచి. 1974లో సాన్రియో సంస్థ సృష్టించిన హలో కిట్టీ లాంటి పాత్రలతో పెద్ద తల, చిన్న ఒళ్లు, దూరంగా ఉన్న కళ్లు గల ముద్దు రూపం దేశమంతా పరుచుకుంది. అమిగురుమి ఆ గాలిలోనే పెరిగింది. ఎట్సీ (2005), రావెల్రీ (2007) లాంటి ఆన్‌లైన్ వేదికలు వచ్చాక ఈ నమూనాలు ఖండాలు దాటాయి.

జపాన్ చేర్చినవాటిలో మూడోది అతుకులు లేని గుండ్రటి అల్లిక. నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే. పని మొదలుపెట్టేది బిగించదగ్గ ఒక దారపు వలయంలో వేసిన 6 పొట్టి కుట్లతో. తర్వాతి చుట్టులో 12, ఆపై 18, 24, 30. చుట్టుకు ఆరేసి పెరుగుతున్నంత కాలం అది చదునైన బిళ్ల. ఎందుకు ఆరే? ఈ పొట్టి కుట్టుకు ఎత్తూ వెడల్పూ దాదాపు సమానం. వలయం వ్యాసార్ధం ఒక కుట్టంత పెరిగితే చుట్టుకొలత సుమారు 6.28 కుట్లు పెరగాలి, ఆరు దానికి అతి దగ్గరి పూర్ణసంఖ్య. పెంచడం ఆపితే బిళ్ల అంచులు నిలబడి గొట్టమవుతుంది, తగ్గిస్తే మూసుకుని బంతి అవుతుంది. అవసరానికి మించి పెంచితే అంచు కుచ్చిళ్లుగా ముడుచుకుంటుంది. 1997లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో గణితవేత్త డైనా తైమిన్యా ఈ చివరి గుణాన్నే వాడుకుని, అంతవరకు కాగితంతో సరిగ్గా చూపలేకపోయిన అతిపరావలయ తలాన్ని క్రోషేతో అల్లి విద్యార్థుల చేతికిచ్చారు. తల అంటే బంతి, ఒళ్లు అంటే గొట్టం, చేతులు కాళ్లు అంటే సన్నటి గొట్టాలు. అమిగురుమి వ్యాకరణమంతా పెంచడం, ఆపడం, తగ్గించడం అనే మూడు పనుల్లోనే ఉంది.

ఈ వ్యాకరణంలోకి సూపర్‌హీరో వచ్చి చేరినప్పుడు ఏం నిలిచింది, ఏం పోయింది అన్నది చూస్తే నా వాదన తేలుతుంది. ఒక కుట్టు ఒకే రంగు. రంగు మార్చాలంటే పాత రంగు చివరి కుట్టును పూర్తిచేసే లాగుడులోనే కొత్త దారం అందుకోవాలి. నీలం ఒంటి మీద ఎర్ర నడుము, ఎర్ర జోళ్లు ఇలా చుట్టు మారగానే వచ్చేస్తాయి. అచ్చులో రంగుల మడులుగా ఉన్నవే ఇక్కడ రంగుల చుట్లు. బాట్‌మ్యాన్ ముసుగు అంటే తల పైసగం నల్ల ఊలు, దాని మీద రెండు చిన్న కోనులు. కాప్టెన్ అమెరికా డాలు నడిమి నక్షత్రం తప్పిస్తే అంతా వలయాలే కాబట్టి అమిగురుమి బిళ్లకు అంతకంటే తగిన వస్తువే లేదు. మొండికేసేది స్పైడర్‌మ్యాన్ సాలెగూడు. మలుపుల మీద మలుపులుగా పోయే అల్లికలో కుట్లు కొద్దికొద్దిగా పక్కకు జరుగుతాయి, నిట్టనిలువు గీత వాలిపోతుంది. దారాన్ని కొక్కెం మీదుగా కాక కొక్కెం కింద నుంచి పట్టుకుంటే కుట్టు బిగుతుగా, గుణకారపు గుర్తులా పడి ఆ వాలు తగ్గుతుంది. అందుకే అనుభవజ్ఞులు చాలామంది బొమ్మలకు అలాగే అల్లుతారు. అయినా సాలెగూడును మాత్రం చివర్లో నల్లదారంతో సూదిపెట్టి కుట్టాల్సిందే. ఊలు మందానికి తగినదానికంటే సన్నని కొక్కెం వాడాలన్న నియమం కూడా ఇలాంటిదే: అల్లిక వదులైతే లోపలి దూది బయటికి కనిపిస్తుంది, రంగు మడి చెదురుతుంది.

కానీ వీరుడంటే బలం కదా, ఆ బలాన్ని తీసేసి చంటిపిల్లవాడిలా చేస్తే వీరుడి అర్థమే పోదా? ఇది గట్టి అభ్యంతరం, తేలిగ్గా కొట్టేయకూడదు. కామిక్స్ చిత్రకారులు వీరుణ్ని ఎనిమిది తలల ఎత్తున గీస్తారు, అమిగురుమిలో అతను రెండు, మూడు తలల ఎత్తుకు దిగిపోతాడు. పెద్ద తల, గుండ్రటి బుగ్గ పెద్దవాళ్లలో లాలన పుట్టిస్తాయని కోన్రాడ్ లోరెంజ్ 1943లోనే ప్రతిపాదించాడు. అంటే మనను కాపాడాల్సినవాడు మనం కాపాడాల్సినవాడుగా మారాడు. నష్టం నిజమే. అయితే పోయింది కండ మాత్రమే. కండ ఆ పాత్రకు మొదటి నుంచీ గుర్తింపు కాదు, కండలున్న బొమ్మలు ఆ కాలపు పత్రికల్లో ఎన్నో. సూపర్‌మ్యాన్‌ను వేరుచేసింది రంగు, ముసుగు లేని ముఖం, వీపు మీది వస్త్రం, రొమ్ము మీది గుర్తు. వీటిలో ఒక్కటీ ఊలులో పోలేదు. పైగా పిల్లలు రాత్రి పక్కలో పెట్టుకునే బొమ్మ గట్టి ప్లాస్టిక్ కండలతో ఉండాల్సిన అవసరమూ లేదు. మరీ పసివాళ్లకైతే ఊడివచ్చే గుండీ కళ్లకు బదులు దారంతో కుట్టిన కళ్లే మంచివి.

రెండో అభ్యంతరం హక్కులది. ఈ పాత్రలు కంపెనీల సొత్తు, అనుమతి లేకుండా అల్లి అమ్మడం దొంగతనం కాదా అంటారు. చట్టం దృష్టిలో ఇంట్లో బిడ్డకు ఒక బొమ్మ అల్లుకోవడం వేరు, అమ్మకానికి పెట్టడం వేరు. రెండోదానికి అనుమతి కావాలి, ఆ మాట నేను కాదనను. అనుమతితో వచ్చే నమూనా పుస్తకాలు, సామగ్రి పెట్టెలు ఇప్పుడు దొరుకుతున్నాయి కూడా. కానీ ఈ పాత్రల చరిత్రలోనే సృష్టికర్తకు, సొంతదారుకు మధ్య దూరం ఎంత పెద్దదో చూడాలి. సీగెల్, షూస్టర్‌లు సూపర్‌మ్యాన్‌ను 130 డాలర్లకు రాసిచ్చారు. దశాబ్దాల పోరాటం తర్వాత 1975లో వాళ్లకు ఏడాదికి 20,000 డాలర్ల పింఛను, పేజీ మీద పేరు దక్కాయి. చేతిపని చేసినవాళ్లకు, దాని మీద సంపాదించినవాళ్లకు మధ్య ఇదే దూరాన్ని గోదావరి లేసులోనూ చూడవచ్చు. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1982లో ప్రచురించిన నరసాపురం లేసు స్త్రీల అధ్యయనం చెప్పింది ఇదే: ప్రపంచ మార్కెట్‌కు సరుకు చేస్తున్న ఆడవాళ్లను ఇల్లాళ్లని పిలవడం వల్ల వాళ్ల పని ఖాళీ సమయపు పనిగా, కూలి చేతిఖర్చుగా లెక్కకు వచ్చింది.

ఈ లెక్క బొమ్మకు కూడా వర్తిస్తుంది. స్వెటర్లు, బనియన్లు యంత్రం మీద వస్తాయి. అసలైన క్రోషే మాత్రం ప్రయోగశాలల్లో కొన్ని నమూనా యంత్రాలు తప్పిస్తే నేటికీ చేత్తోనే చేయాలి. ఒక్కో కన్నులోకి మూడు కొలతల్లో కొక్కెం తిప్పి దూర్చే పనిని పరిశ్రమ ఇంకా అందుకోలేదు. కాబట్టి అంగట్లో కనిపించే ప్రతి క్రోషే వీరుడి వెనక కొన్ని గంటలు కూర్చుని అల్లిన ఒక మనిషి ఉన్నట్టే. వెల మరీ తక్కువగా ఉంటే, తగ్గింది ఆ మనిషి కూలే. 2034 జనవరి 1న అమెరికాలో తొలి సూపర్‌మ్యాన్ కథ అందరి సొత్తవుతుంది. ఎగరడం రాక ఎత్తుగా దూకే, 1938 నాటి పాత రూపం మాత్రమే. తర్వాతి కథల్లో చేరినవాటికి, వ్యాపార చిహ్నాలకు అప్పటికీ వేరే లెక్కలుంటాయి. ఆ రూపాన్ని అల్లి అమ్మే ఆడవాళ్లు అప్పుడు ఆ కథ సొంతదారును అడగక్కర్లేదు. గంటకు ఇంత అని వాళ్లు చెప్పే వెలను కొనేవాళ్లు బేరమాడకుండా ఇస్తారా అన్నది మాత్రం ఏ చట్టమూ తేల్చదు.