ఐదువేల రోజుల వెల

గోల్కొండ కోటకు ఎవరిని తీసుకెళ్ళినా రామదాసు బందిఖానా దగ్గర కాసేపు ఆగుతాం. పన్నెండేళ్ళ చెర, చివరికి రాముడే వచ్చి తానీషాకు ఆరు లక్షల వరహాలు కట్టి విడిపించాడని కథ. ఆ కథలో బాకీ ఎప్పుడూ ఖైదీదే. తానీషా రామదాసుకు ఏమైనా బాకీ పడ్డాడా అని ఎవరమూ అడగం. జైల్లో పెట్టినందుకు ఏలినవారే డబ్బు కట్టాలన్న ఊహ మన కోర్టుల్లో ఎక్కడ మొదలైందా అని వెతుక్కుంటూ పోతే, నాకు బీహార్‌కు చెందిన రుదుల్ షా కేసు దొరికింది.

1968 జూన్ 3న ముజఫర్‌పూర్ సెషన్స్ కోర్టు అతన్ని నిర్దోషి అంది. జైలు నుంచి బయటికి వచ్చింది మాత్రం 1982 అక్టోబరు 16న. సుప్రీంకోర్టులో వేసిన హెబియస్ కార్పస్ పిటిషన్ విచారణకు వచ్చేసరికే అతన్ని వదిలేశారు. మనిషి బయట ఉన్నాడు కదా, ఇంకేం కావాలి అని అక్కడితో ఫైలు మూసేయొచ్చు. కానీ పిటిషన్‌లో ఇంకో మాట కూడా ఉంది: పోయిన ఏళ్ళకు పరిహారం ఇప్పించండి.

ఎందుకు ఉంచారయ్యా అని కోర్టు అడిగితే, మతి స్థిమితం లేదని జైలరు అఫిడవిట్ ఇచ్చాడు. అందులోనే ఇంకో సంగతి: ఇతను మామూలుగానే ఉన్నాడని సివిల్ సర్జన్ 1977 ఫిబ్రవరిలోనే చెప్పాడు, ఆ కబురు న్యాయశాఖకు చేరింది కూడా. అంటే వాళ్ళ లెక్క ప్రకారమే చూసినా, ఆ తర్వాత మరో ఐదున్నరేళ్ళు ఊరికే ఉంచారు.

అడ్డంకి అఫిడవిట్ ఒక్కటే కాదు. 1965లో కస్తూరిలాల్ కేసులో సుప్రీంకోర్టే వేరే దారి పట్టింది. మీరట్ పోలీసులు ఒక వ్యాపారి దగ్గర బంగారం పట్టుకున్నారు. దాన్ని కాజేసి హెడ్ కానిస్టేబుల్ పాకిస్తాన్‌కు పారిపోయాడు. అయినా అరెస్టు, స్వాధీనం సార్వభౌమాధికారానికి చెందిన పనులు కాబట్టి ప్రభుత్వం నష్టం కట్టనక్కర్లేదని తేలింది. రాజు తప్పు చేయడన్న పాత నమ్మకమే, కొత్త అంగీ తొడుక్కుంది.

1983 ఆగస్టు 1న ప్రధాన న్యాయమూర్తి వై.వి. చంద్రచూడ్ ఆ గోడలో ఒక కిటికీ తెరిచారు. 21వ అధికరణం ఇచ్చిన స్వేచ్ఛను హరించాక, వదిలేయమని ఆదేశించి ఊరుకుంటే ఆ హక్కుకు అర్థమేముంది అన్నది ఆయన వాదన. అప్పటికే ఇచ్చిన ఐదు వేలు కాక, మరో 30,000 రూపాయలు రెండు వారాల్లో కట్టమన్నారు. ఇది తాత్కాలిక ఉపశమనమే, పూర్తి నష్టానికి సివిల్ దావా వేసుకోవచ్చు అని కూడా అన్నారు. నేను లెక్క వేసి చూశాను. 5,248 రోజులకు 35,000 రూపాయలు. రోజుకు ఏడు రూపాయలు కూడా పడలేదు.

అయినా ఆ కిటికీ మూసుకోలేదు. ప్రాథమిక హక్కుల విషయంలో సార్వభౌమత్వం సాకు చెల్లదని 1993లో నీలబతి బెహరా కేసులో కోర్టు స్పష్టంగా చెప్పింది. 2018లో ఇస్రో శాస్త్రవేత్త నంబి నారాయణన్‌కు 50 లక్షలు ఇమ్మంది.

మరి మన ఊళ్ళో? 2007 మే 18న మక్కా మసీదులో పేలుడు తర్వాత పట్టుకెళ్ళిన ముస్లిం యువకులకు ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం పరిహారం ప్రకటించింది. కోర్టులో నిర్దోషులుగా తేలినవాళ్ళకు మూడేసి లక్షలు, ప్రశ్నించి వదిలేసినవాళ్ళకు ఇరవయ్యేసి వేలు. 2013లో హైకోర్టు ఆ ఉత్తర్వులను కొట్టేసింది. విడుదలైనంత మాత్రాన పరిహారం ఇవ్వాలన్న చట్టం ఎక్కడుంది అన్నది ప్రశ్న. ఆ ప్రశ్నకు చిక్కేమిటంటే, అది నిజమే. అలాంటి చట్టం లేదు.

చట్టం చేయమని లా కమిషన్ 2018లో తన 277వ నివేదికలో సిఫారసు చేసింది. అది ఇంకా నివేదికగానే ఉంది. 2024 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో, కారణం లేకుండా అరెస్టయినవాళ్ళకు పరిహారం ఇప్పించే సెక్షన్ ఒకటుంది. గరిష్ఠంగా వెయ్యి రూపాయలు. అదీ ప్రభుత్వం ఇవ్వదు, అరెస్టు చేయించిన మనిషి దగ్గర్నుంచి ఇప్పిస్తుంది.

పోయిన యవ్వనానికి ఎంత కట్టినా సరిపోదని, కాబట్టి లెక్కలెందుకని కొందరంటారు. నాకు అలా అనిపించదు. డబ్బు కాలాన్ని తిరిగి తేదు, నిజమే. కానీ ఆ డబ్బు హక్కుగా వస్తే, తప్పు మాదేనని ప్రభుత్వం రాసిచ్చిన రసీదు అవుతుంది. దయగా ఇస్తే, రేపు ఇంకెవరో వచ్చి కొట్టేయొచ్చు. జైలు నుంచి వచ్చినవాడికి ఉద్యోగం ఇచ్చేవాడూ, ఇల్లు అద్దెకిచ్చేవాడూ చూడాలనుకునేది ఆ రసీదునే.